టౌన్‌హౌస్ కొనాలా వద్దా: కిచెన్ ఐలాండ్ చూసి కాదు, కాగితాలు చూసి తేల్చుకోండి

అద్దె రెన్యువల్ లెటర్ వచ్చిన రోజే అందరికీ ఇల్లు కొనాలనిపిస్తుంది. ఈసారి నెలకి రెండొందల డాలర్లు పెంచాడు, ఇంకా ఎన్నాళ్ళు ఇంకెవరిదో లోన్ మనం కడతాం అని భోజనాల దగ్గర మాట మొదలవుతుంది, ఆ శనివారమే ఓపెన్ హౌస్‌ల చుట్టూ తిరగడం మొదలవుతుంది. సింగిల్ ఫ్యామిలీ, అంటే విడిగా ఉండే ఇల్లు, ధర చూస్తే గుండె జారిపోతుంది. కాండో చూస్తే మళ్ళీ అపార్ట్‌మెంట్‌కే వచ్చాం అనిపిస్తుంది. అప్పుడు మధ్యలో, పక్కింటితో గోడ కలిపి వరసగా కట్టిన టౌన్‌హౌస్ కనిపిస్తుంది, మూడంతస్తులు, గరాజ్, తెల్లటి క్వార్ట్జ్ ఐలాండ్, దాని పైన వేలాడే మూడు లైట్లు, ఇంక మనసు అక్కడే పారేసుకుంటాం.

నేను నార్తర్న్ వర్జీనియాలో, ఆష్‌బర్న్‌లో, టౌన్‌హౌస్‌లో ఉంటున్నాను. ఆరేళ్ళయింది. దీనికి ముందు ఇంకో టౌన్‌హౌస్‌కి కాంట్రాక్ట్ దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాం, ఆ కథ కింద చెప్తాను. ఇక్కడ రాసినవి చాలావరకు ఎక్కడైనా పనికొస్తాయి కానీ చట్టాలు మాత్రం వర్జీనియావి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్ళు అక్కడి రూలు అడిగి తెలుసుకోండి.

అది నిజంగా టౌన్‌హౌసేనా?

చూడ్డానికి టౌన్‌హౌస్‌లా ఉన్నవన్నీ కాగితాల్లో టౌన్‌హౌస్‌లు కావు. మామూలు టౌన్‌హౌస్ అంటే పునాది నుంచి కప్పు దాకా ఇల్లు మీదే, దాని కింద ఉన్న జాగా ముక్కా మీదే, పక్కింటితో గోడ ఒక్కటే ఉమ్మడి. దీన్ని ఫీ సింపుల్ అంటారు. కాండో అయితే గోడల లోపలి భాగం మీది, గోడలు, కప్పు, నేల అందరివీ. మా వైపు టూ-ఓవర్-టూ అని తెగ కడుతున్నారు, ఒక టౌన్‌హౌస్ నెత్తిన ఇంకో టౌన్‌హౌస్ పెట్టినట్టు, కింది రెండంతస్తులు ఒకరివి, పై రెండంతస్తులు ఇంకొకరివి. బయట నుంచి చూస్తే ఇటుక గోడ, గరాజ్, అంతా టౌన్‌హౌసే. కాగితాల్లో అది కాండో. ప్రకటనలో "టౌన్‌హౌస్ స్టైల్" అని ఉంటే ఆ స్టైల్ అనే మాట దగ్గర ఆగండి. లిస్టింగ్‌లో ఓనర్‌షిప్ అనే వరస ఉంటుంది, ఫీ సింపులా కాండోనా అన్నది అక్కడ రాసుంటుంది.

దీనివల్ల మీ జేబుకి ఏమవుతుందంటే, కాండో అయితే నెలవారీ ఫీజు ఎక్కువ, కానీ కప్పు మార్చాల్సి వస్తే అసోసియేషన్, అంటే అక్కడి ఇళ్ళ ఓనర్ల సంఘం, చూసుకుంటుంది. ఇన్సూరెన్స్ కూడా వేరు, మామూలు ఇంటికి తీసుకునే హెచ్ఓ-3 కాదు, హెచ్ఓ-6 తీసుకోవాలి, అది చవక. లోన్ దగ్గర మాత్రం కాండోకి తలనొప్పి ఎక్కువ. బ్యాంకు మీ జీతం ఒక్కటే చూడదు, మొత్తం అసోసియేషన్ ఆరోగ్యం చూస్తుంది. 2021 జూన్ 24న ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో కాండో బిల్డింగ్ కూలి 98 మంది చనిపోయాక ఈ పరిశీలన ఇంకా గట్టిపడింది, పెద్ద రిపేర్లు ఏమైనా వాయిదా పడ్డాయా, కేసులు ఉన్నాయా అని ప్రశ్నపత్రం పంపిస్తారు. మీ క్రెడిట్ స్కోర్ 800 ఉన్నా ఆ ప్రశ్నపత్రం సరిగా రాకపోతే లోన్ ఆగిపోవచ్చు.

ఫీ సింపుల్ అయితే ఈ గొడవ తక్కువ, కానీ కప్పు, సైడింగ్, డెక్ అన్నీ మీ నెత్తినే. కొన్ని చోట్ల ఫీ సింపుల్ టౌన్‌హౌస్‌లకి కూడా కప్పులు అసోసియేషనే వేయిస్తుంది. ఎవరు ఏది చేయాలన్నది డిక్లరేషన్ అనే కమ్యూనిటీ నిబంధనల పత్రంలో ఉంటుంది, ఏజెంట్ నోటి మాటలో కాదు.

ఎన్నేళ్ళు ఉంటారో ముందు చెప్పండి

ఇల్లు కొనడం అద్దె కన్నా ఎప్పుడూ లాభమే అనే మాట మనవాళ్ళ పాట్లక్‌లలో గట్టిగా వినిపిస్తుంది. ఒకసారి కాగితం మీద లెక్క వేద్దాం. ఇవి నేను లెక్క కోసం తీసుకున్న అంకెలు, మీవి మీరు వేసుకోండి.

ఇల్లు 7 లక్షల డాలర్లు అనుకుందాం. 20 శాతం డౌన్ అంటే 1,40,000, మిగతా 5,60,000 ముప్ఫై ఏళ్ళ లోన్, వడ్డీ 6.5 శాతం. నెలకి ఇన్‌స్టాల్‌మెంట్ 3,540 దాకా వస్తుంది. ప్రాపర్టీ ట్యాక్స్ మా లౌడన్ కౌంటీలో ఈ మధ్య ఏళ్ళలో ప్రతి వంద డాలర్ల విలువకి 80-90 సెంట్ల మధ్య నడుస్తోంది, అంటే నెలకి 500 వేసుకోండి. ఇన్సూరెన్స్ 100, హెచ్ఓఏ (ఓనర్ల అసోసియేషన్) ఫీజు 150. మొత్తం 4,290. చాలామంది ఇక్కడే ఆగి, అద్దె 3,400, ఇన్‌స్టాల్‌మెంట్ 4,290, తేడా 900 అంతే కదా, అది కూడా ఈక్విటీగా, అంటే ఇంట్లో మన వాటాగా, మనకే కదా అనుకుంటారు.

కాదు. మొదటి నెల ఇన్‌స్టాల్‌మెంట్‌లో 3,030 వడ్డీ, అసలుకి వెళ్ళేది 500 మాత్రమే. వడ్డీ, ట్యాక్స్, ఇన్సూరెన్స్, హెచ్ఓఏ కలిపి 3,780, ఇవి అద్దెలాగే పోయే డబ్బు. దానికి రిపేర్లకని నెలకి 300 పక్కన పెట్టండి. డౌన్ పేమెంట్‌గా పెట్టిన 1,40,000 బ్యాంకులో 4 శాతానికి ఉంటే నెలకి 460 పైనే వచ్చేది, అదీ కలపండి. 4,550 అయింది. అంటే 3,400 అద్దెతో పోలిస్తే నెలకి 1,150, ఏడాదికి 13,800 ఎక్కువ పెట్టి సొంతింట్లో ఉంటున్నారన్న మాట. ఇల్లు ఏడాదికి 3 శాతం పెరిగితే 21,000 వస్తుంది, అప్పుడు ఏడాదికి 7,000 చిల్లర మిగులు. కానీ కొనేటప్పుడు క్లోజింగ్ ఖర్చు 15,000, అమ్మేటప్పుడు కమిషన్లూ పన్నులూ కలిపి 6 శాతం అనుకుంటే 42,000. ఆ 57,000 పూడాలంటే ఏడెనిమిదేళ్ళు. ఏటేటా అద్దె పెరుగుతుంది, వడ్డీ భాగం తగ్గుతుంది కాబట్టి కొంచెం ముందే పూడొచ్చు. ఇల్లు 2 శాతమే పెరిగితే మాత్రం చాలాకాలం నీళ్ళ మీద తేలుతూనే ఉంటారు.

నేను కొనొద్దని చెప్పట్లేదు, నేనే కొన్నాను. మూడేళ్ళలో సింగిల్ ఫ్యామిలీకి మారతాం, అప్పటిదాకా ఇది అనుకునేవాళ్ళకి చెప్తున్నాను. ఆ "అప్పటిదాకా" చాలా ఖరీదైనది. ఆ మూడేళ్ళూ అద్దె కట్టి నేరుగా పెద్దింటికి వెళ్ళడమే నయం, చాలా సందర్భాల్లో.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళకి ఇంకో లెక్క ఉంది. ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువు, ఆలోపు కొత్త ఉద్యోగం దొరకాలి. ఇల్లు 60 రోజుల్లో అమ్ముడుపోవాలంటే మార్కెట్ మీ మాట వినాలి. లోన్ అయితే వస్తుంది, మామూలు కన్వెన్షనల్ లోన్ వీసా మీద ఉన్నవాళ్ళకీ ఇస్తారు, కానీ తక్కువ డౌన్ పేమెంట్‌తో వచ్చే ఎఫ్‌హెచ్ఏ లోన్‌కి 2025 మే 25 నుంచి గ్రీన్ కార్డ్ లేనివాళ్ళు అర్హులు కారు. మీ లోన్ ఆఫీసర్ ఇంకా పాత రూలే చెప్తుంటే ఆయన్ని మార్చండి.

వెళ్ళిపోవాల్సి వస్తే అద్దెకిచ్చుకుందాం అనుకుంటారు. మంచిదే, కానీ ఆ కమ్యూనిటీలో అద్దెకివ్వడానికి ఆంక్షలున్నాయేమో చూసుకోవాలి, కొన్నిచోట్ల ఇన్ని ఇళ్ళే అద్దెకివ్వాలని పరిమితి ఉంటుంది. ఇండియా వెళ్ళి, పన్నుల లెక్కలో నాన్ రెసిడెంట్ అయ్యాక అమ్మితే, సాధారణంగా కొనేవాళ్ళు అమ్మకం ధరలో 15 శాతం పట్టుకుని అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కి కడతారు, లాభం మీద కాదు, మొత్తం ధర మీద. తర్వాత రిటర్న్ వేసి కట్టాల్సినదానికి మించి పోయింది వెనక్కి తెచ్చుకోవాలి. అదే ఐదేళ్ళలో కనీసం రెండేళ్ళు ఆ ఇంట్లో ఉండి అమ్మితే జంటగా ఫైల్ చేసేవాళ్ళకి 5 లక్షల డాలర్ల లాభం దాకా ఫెడరల్ పన్ను లేదు. అద్దెకిచ్చి వదిలేస్తే మూడేళ్ళ తర్వాత ఈ వెసులుబాటు జారిపోతుంది, చాలామందికి అప్పటికి గానీ గుర్తురాదు.

హెచ్ఓఏ: మీకు తెలియకుండానే చేరే ఉమ్మడి కుటుంబం

ఇప్పుడు ఆ వెనక్కి వచ్చిన కథ. మంచి ఇల్లు, ఎండ్ యూనిట్ (వరసలో చివరిది), వెనక చెట్లు, ధర కూడా మా బడ్జెట్‌లోనే. ఆఫర్ ఒప్పుకున్నారు, ఇంటికి ఫోన్ చేసి చెప్పేశాం కూడా, అమ్మ గృహప్రవేశానికి ముహూర్తం చూడమని పంతులు గారికి కబురు పెట్టేసింది. తర్వాత హెచ్ఓఏ ప్యాకెట్ వచ్చింది, రెండొందల పేజీల పీడీఎఫ్. రాత్రి పదకొండు దాటాక పిల్లలు పడుకున్నాక డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని తిప్పడం మొదలుపెట్టాను. కుక్కల గురించి, చెత్తడబ్బాల గురించి, తలుపు రంగు గురించి ముప్ఫై పేజీలు. చివర్లో బోర్డ్ మీటింగుల మినిట్స్. ఒక నెల మినిట్స్‌లో, వెనక వరసలో మట్టి జారకుండా కట్టిన రిటైనింగ్ వాల్‌లో పగులు ఉందని ఒకాయన చెప్పాడని ఒక లైను. రెండు నెలల తర్వాత, ఇంజినీర్‌ని పిలిచామని ఇంకో లైను. ఆ తర్వాతి నెల, "ఫండింగ్ ఆప్షన్స్ చర్చించాం". అంతే, మూడే లైన్లు. మేం ముచ్చటపడిన ఆ చెట్లు ఉన్నది ఆ గోడ పైనే. ముందు ముందు వచ్చే పెద్ద రిపేర్లకి ఎంత దాచాలో లెక్కేసే రిజర్వ్ స్టడీ తిరగేస్తే ఆ గోడకి డబ్బు దాచిన వరసే లేదు.

మర్నాడు పొద్దున్నే కాంట్రాక్ట్ క్యాన్సిల్ చేస్తున్నామని రాసి పంపించాం. మా ఏజెంట్‌కి కోపం వచ్చింది, ఇలాంటివి ప్రతి కమ్యూనిటీలో ఉంటాయండీ అన్నాడు. ఏడాది తర్వాత అదే వరసలో ఉన్న పరిచయస్తుడు చెప్పాడు, ఇంటికి 6,000 డాలర్ల పైన స్పెషల్ అసెస్‌మెంట్, అంటే నెల ఫీజు కాకుండా విడిగా వసూలు చేసేది, పడిందని.

కాబట్టి ఆ ప్యాకెట్‌లో ఏం చూడాలో చెప్తాను. వర్జీనియాలో 2023 జులై నుంచి దీన్ని రీసేల్ సర్టిఫికెట్ అంటున్నారు. నెలవారీ ఫీజు ఎంత అన్నది అందరూ చూస్తారు, అది తక్కువుంటే సంబరపడతారు. నేనైతే ఫీజు మరీ తక్కువున్న చోట ఎక్కువ భయపడతాను. కమ్యూనిటీ లోపలి రోడ్లు చాలాచోట్ల ప్రైవేటువి, ప్రభుత్వం వాటికి తారు వేయదు, మంచు తీయదు, అన్నీ మీ ఫీజులోంచే. వాటికి డబ్బు దాచకుండా ఫీజు తక్కువ చూపిస్తే ఆ బిల్లు ఎప్పుడో ఒకప్పుడు మీ గుమ్మానికి వస్తుంది. ఇక్కడి చట్టం ప్రకారం అసోసియేషన్ కనీసం ఐదేళ్ళకోసారి రిజర్వ్ స్టడీ చేయించాలి. అందులో పర్సెంట్ ఫండెడ్ అని ఒక అంకె చాలాసార్లు ఉంటుంది, అంటే ఈపాటికి దాచి ఉండాల్సిన దాంట్లో ఎంత దాచారన్నది. 70 శాతం పైన ఉంటే బాగున్నట్టు, 30 కంటే కింద ఉంటే స్పెషల్ అసెస్‌మెంట్ పొంచి ఉన్నట్టు అని ఈ లెక్కలు వేసేవాళ్ళు అంటారు. మధ్యలో ఉంటే రోడ్లు, గోడలు, స్విమ్మింగ్ పూల్ ఎప్పుడు మార్చాలని రాశారో చూడండి, అవన్నీ వచ్చే నాలుగేళ్ళలోనే వరసగా ఉంటే ఆలోచించండి.

మినిట్స్ ఆర్నెల్లవి ఇస్తారు. అవి చదవండి, మిగతావి చదవకపోయినా అవి చదవండి. ఎవరు ఎవరితో పోట్లాడుతున్నారో, ఎంతమంది ఫీజు కట్టట్లేదో, మేనేజ్‌మెంట్ కంపెనీని ఎన్నిసార్లు మార్చారో అన్నీ అక్కడే బయటపడతాయి. మీరు కొనే ఇంటి మీద వయొలేషన్ నోటీసు ఏమైనా ఉందా అన్నది కూడా ప్యాకెట్‌లోనే ఉంటుంది, పాత ఓనర్ అనుమతి లేకుండా డెక్ పెంచేసి ఉంటే దాన్ని కూలగొట్టే ముచ్చట మీకు తగులుతుంది.

రూల్స్‌లో మనకి తగిలేవి రెండు మూడే. బయటికి కనిపించేది ఏది మార్చాలన్నా అనుమతి కావాలి, గుమ్మం రంగు, ఫెన్సు, ఆఖరికి గోడకి కొట్టే ఎగ్జాస్ట్ మూత కూడా. ఈ మూత సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. బట్టలు బయట ఆరేయడం గురించీ ఏదో ఒకటి రాసి ఉంటుంది. ఇంక పార్కింగ్.

రాత్రి తొమ్మిదిన్నరకి వెళ్ళండి

పగలు ఓపెన్ హౌస్‌కి వెళ్తే పార్కింగ్ విశాలంగా కనిపిస్తుంది, చాలామంది బయటికి వెళ్ళి ఉంటారు. అదే చోటికి వారం మధ్యలో రాత్రి తొమ్మిదిన్నరకి వెళ్ళండి. గెస్ట్ పార్కింగ్‌లో ఖాళీ ఉందా? డ్రైవ్‌వే మీద పెట్టిన హోండా పైలట్ కార్ల తోకలు ఫుట్‌పాత్ మీదికి వచ్చాయా? వెనక సందులోంచి గరాజ్‌లోకి వెళ్ళే మోడల్ అయితే డ్రైవ్‌వే ఉందో లేదో, ఉన్నా అందులో కారు పడుతుందో లేదో చూడండి, కొన్నిచోట్ల అది నామమాత్రం. మా అబ్బాయి పుట్టినరోజుకి వచ్చిన రెండు కార్లు కేక్ కోసేలోగా టో అయిపోయాయి. ఒకాయన ఫిలడెల్ఫియా నుంచి వచ్చాడు పాపం, రాత్రి పదకొండింటికి కారు విడిపించుకుని వెళ్ళాడు, మళ్ళీ మా ఇంటికి రాలేదు. సత్యనారాయణ వ్రతానికి నలభై మందిని పిలిచే కుటుంబం మీదైతే ఈ పాయింట్ క్వార్ట్జ్ కంటే పెద్దది.

వీలైతే గరాజ్‌లో మీ కారు పెట్టి నాలుగు తలుపులూ తీసి చూస్తామని అడగండి. సిగ్గు పడక్కర్లేదు.

లోపల ఏం చూడాలి

నేను ముందు వంటింట్లోకి వెళ్తాను, కౌంటర్ చూడ్డానికి కాదు. స్టవ్ పైన ఉన్న మైక్రోవేవ్ ఫ్యాన్ ఆన్ చేసి దాని పై అంచు దగ్గర చెయ్యి పెడతాను. గాలి మొహం మీదికి కొడితే అది రీసర్క్యులేటింగ్, అంటే పొగని వడకట్టి మళ్ళీ ఇంట్లోకే వదులుతుంది. టౌన్‌హౌస్‌లో ఇది ఎందుకు ఎక్కువంటే, మధ్య యూనిట్లకి ముందూ వెనకా తప్ప బయటి గోడలు లేవు, చాలా ప్లాన్లలో వంటిల్లు సరిగ్గా ఇంటి నడిమధ్యలో ఉంటుంది. ఇంగువ పోపు పెడితే ఆ వాసన మెట్ల దారిన పై బెడ్‌రూమ్‌లలోకి వెళ్ళి రెండు రోజులు కాపురం చేస్తుంది. ఎండుమిరపకాయలు కొంచెం మాడితే స్మోక్ అలారం. చేపల పులుసు సంగతి చెప్పక్కర్లేదు. తర్వాత డక్ట్ వేయించుకోవచ్చు కదా అంటారు, వేయించుకోవచ్చు, సీలింగ్ కోసి బయటి గోడ దాకా లాగాలి, అక్కడ మూత పెట్టడానికి పైన చెప్పిన అనుమతి కావాలి. స్టవ్ బయటి గోడకే ఉన్న ప్లాన్ దొరికితే దానికి పదివేలు ఎక్కువైనా ఇవ్వొచ్చని నా అభిప్రాయం, మా ఆవిడ అభిప్రాయం ఇరవై వేలని.

రెండోది మెట్లు. గరాజ్ కింద, హాలూ వంటిల్లూ మధ్యలో, పడకగదులు పైన. మా అమ్మ బి-2 వీసా మీద ఆర్నెల్లు ఉండడానికి వచ్చినప్పుడు మొదటి రోజే మెట్లు లెక్కపెట్టింది, కింద నుంచి పైదాకా 29. "ఇదేం ఇల్లురా, నిచ్చెన మీద కాపురం పెట్టావు" అంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు మీ దగ్గరికి వచ్చేవాళ్ళయితే కింది అంతస్తులో గదితో పాటు స్నానాల గది పూర్తిగా ఉందా, లేక వట్టి టాయిలెటేనా చూడండి. ఉన్నా సరే, వంటిల్లు పైనే కాబట్టి కాఫీకి కూడా మెట్లెక్కాల్సిందే. సోనా మసూరి బస్తా 20 పౌండ్లు కాస్ట్‌కో నుంచో పటేల్ బ్రదర్స్ నుంచో తెచ్చి గరాజ్ నుంచి వంటింటికి మోసేది మీరే. ముప్ఫైల్లో ఇది జిమ్, యాభైల్లో కాదు.

గోడల సంగతి. పక్క పక్క యూనిట్ల ప్లాన్లు అద్దంలో చూసినట్టు తిరగేసి ఉంటే మీ మెట్ల పక్కన వాళ్ళ మెట్లు, మీ పడకగది పక్కన వాళ్ళ పడకగది వస్తాయి. అలా కాకపోతే మీ మంచం తల దగ్గరే వాళ్ళ మెట్లు ఉంటాయి, ఇద్దరు చిన్నపిల్లలున్న ఇల్లయితే పొద్దున ఆరింటికే గుర్రాలు పరిగెడతాయి. శనివారం సాయంత్రం వెళ్ళి, ఆ ఉమ్మడి గోడకి దగ్గరగా ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా నిలబడండి. ఏజెంట్ మాట్లాడుతూనే ఉంటాడు, ఆయన్ని కిందికి పంపించండి. ఎండ్ యూనిట్ అయితే ఒక పక్కే గోడ, మూడో వైపు కిటికీలు, దానికి ఎక్కువ అడుగుతారు, అమ్మేటప్పుడు కూడా ఎక్కువే వస్తుంది. కరెంటు బిల్లు మాత్రం మధ్య యూనిట్‌కే తక్కువ, రెండు వైపులా పక్కిళ్ళు దుప్పటిలా కాస్తాయి.

ఏసీ ఎన్ని జోన్లో అడగండి. మూడంతస్తులకీ ఒకటే థర్మోస్టాట్ ఉంటే జులైలో కింద వణుకు, పైన ఉక్క. వీలుంటే ఎండ మండే మధ్యాహ్నం చూడ్డానికి వెళ్ళి నేరుగా పై అంతస్తుకి ఎక్కండి.

వాస్తు చూసేవాళ్ళకి ఒక మాట. వరసలో ఒక ఇల్లు తూర్పు ముఖమైతే వరసంతా తూర్పే, కాబట్టి మంచి వరస దొరికితే మనవాళ్ళందరూ అక్కడే ఎగబడి ధర పెంచేస్తారు. గరాజ్ వెనక ఉన్న ఇళ్ళలో అసలు సింహద్వారం ఏది అన్న చర్చ మా ఇంట్లో ఇంకా తేలలేదు, ముందు తలుపు తూర్పుకి ఉంది కానీ అది తెరిచేది అమెజాన్ వాడు వచ్చినప్పుడే, మేమంతా పడమటి గరాజ్‌లోంచే వస్తాం పోతాం.

పాత ఇల్లయితే, కొత్త ఇల్లయితే

1980ల నుంచి 90ల మధ్య వరకు కట్టిన టౌన్‌హౌస్‌లు స్టెర్లింగ్, సెంటర్‌విల్, హెర్న్‌డన్ వైపు చాలా ఉన్నాయి, కొంచెం చవకగా, గదులు పెద్దగా, చెట్లు ఎదిగి ఉంటాయి. వాటిలో రెండు ప్రత్యేకంగా అడగాలి. ఒకటి బూడిద రంగు పాలీబ్యూటిలీన్ నీళ్ళ పైపులు, 1978 నుంచి 1995 దాకా వాడారు, లోపల్నుంచి పెళుసెక్కి ఉన్నట్టుండి పగిలేవి. వాటర్ హీటర్ దగ్గర, మెయిన్ వాల్వ్ దగ్గర చూస్తే తెలుస్తుంది. మార్చి ఉంటే కాగితం అడగండి. రెండోది అటిక్‌లో, అంటే కప్పు కింది ఖాళీలో. ఆ కాలంలో ఒకింటి నుంచి ఇంకోటికి మంటలు పాకకుండా ఉమ్మడి గోడకి రెండు వైపులా కప్పు కింద రసాయనం పట్టించిన ప్లైవుడ్ వేసేవాళ్ళు, వేడికి ఆ రసాయనమే చెక్కని తినేసి నల్లబడి పొడిపొడిగా అయిపోయిన ఇళ్ళు బోలెడు. ఇన్‌స్పెక్టర్‌ని అటిక్‌లోకి ఎక్కి ఉమ్మడి గోడ పక్కన ప్రత్యేకంగా చూడమని చెప్పండి, నిచ్చెన లేదంటే ఇంకో ఇన్‌స్పెక్టర్‌ని పెట్టుకోండి. కింది అంతస్తు నేలలో ఉంటే, మట్టిలోంచి వచ్చే రేడాన్ అనే వాయువుకి పరీక్ష కూడా, లీటరు గాలికి 4 పికోక్యూరీలు, అంతకు మించి ఉంటే సరిచేయించాలని ఫెడరల్ పర్యావరణ సంస్థ ఈపీఏ చెప్తుంది. ఏసీ పదిహేనేళ్ళది, కప్పు ఇరవై ఏళ్ళది అయితే వాటిని మార్చే ఖర్చు మీ లెక్కలో ఇప్పుడే రాసుకోండి.

కొత్తది బిల్డర్ దగ్గర కొంటే, మోడల్ హోమ్‌లో కనిపించేవాటిలో సగం అప్‌గ్రేడ్‌లే. బేస్ ధర చూసి వెళ్తారు, లాట్ ప్రీమియం, మెట్లకి చెక్క, వంటింటి ఎగ్జాస్ట్ అంటూ బయటికి వచ్చేసరికి ఇంకో లెక్క. అక్కడ నవ్వుతూ కాఫీ ఇచ్చే ఆవిడ బిల్డర్ తరఫు మనిషి. మీ ఏజెంట్‌ని మొదటి విజిట్‌కే తీసుకెళ్ళండి, తర్వాత తెస్తే చాలామంది బిల్డర్లు ఒప్పుకోరు. కొత్తిల్లే కదా అని ఇన్‌స్పెక్షన్ మానకండి, డ్రైవాల్ వేయకముందు ఒకసారి చూపించుకోవాలి, గోడ మూసేశాక లోపల ఏముందో దేవుడికే తెలియాలి. వర్జీనియాలో కొత్త ఇంటికి ఏడాది, పునాదికి ఐదేళ్ళు చట్టప్రకారం వారంటీ ఉంటుంది, పదకొండో నెలలో ఇంకోసారి ఇన్‌స్పెక్టర్‌ని పిలిచి జాబితా రాయించి ఇవ్వండి.

చుట్టుపక్కల

మెట్రో రైలు సిల్వర్ లైన్ 2022 నవంబర్ 15న ఆష్‌బర్న్ దాకా వచ్చింది, స్టేషన్‌కి నడిచి వెళ్ళగలిగే ఇంటికీ కారేసుకుని వెళ్ళాల్సిన ఇంటికీ ధరలో తేడా ఉంటుంది. రోజూ గ్రీన్‌వే అనే టోల్ రోడ్డు మీద వెళ్ళేవాళ్ళయితే టోల్ ఒకవైపే ఐదు డాలర్ల పైన, అది కూడా నెల ఖర్చులో వేసుకోండి. ఇక్కడి డల్లస్ (Dulles) ఎయిర్‌పోర్ట్ విమానాల శబ్దం ఎక్కడెక్కడ పడుతుందో కౌంటీ మ్యాప్‌లో ఉంటుంది. పక్కన ఖాళీ స్థలం కనిపిస్తే అది పార్కు అనుకోకండి, మా కౌంటీలో ఖాళీ స్థలం అంటే డేటా సెంటర్‌కి ముందు దశ, దాని జోనింగ్ ఏమిటో చూడండి. స్కూల్ చూసి కొంటున్నారా, లౌడన్‌లో హద్దులు మారుతూనే ఉంటాయి, రేటింగ్ పది ఉందని కొన్నాక ఇంకో స్కూల్‌కి మార్చినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు.

ఆఫర్ పెట్టాక

ఇంతా చూసి సరే అనుకుంటే ఆఫర్ పెట్టండి, ఇన్‌స్పెక్షన్ షరతు వదిలేయమని ఎంత ఒత్తిడి చేసినా కనీసం ఇన్‌స్పెక్షన్ చేయించి నచ్చకపోతే బయటికొచ్చే వీలు ఉంచుకోండి. హెచ్ఓఏ ఉన్న ఇల్లయితే వర్జీనియాలో రీసేల్ సర్టిఫికెట్ చేతికందాక మూడు రోజుల్లోపు కారణం చెప్పకుండా కాంట్రాక్ట్ రద్దు చేసుకోవచ్చు, డిపాజిట్ వెనక్కి వస్తుంది, కాంట్రాక్ట్‌లో రాసుకుంటే ఈ గడువు ఏడు రోజుల దాకా పెంచుకోవచ్చు. ఆఫర్ రాసేటప్పుడే ఏడు అడగండి, ఒప్పుకుంటే మంచిది. రద్దు రాతపూర్వకంగా ఉండాలి, ఈమెయిల్ పంపిస్తే పంపినట్టు రుజువు దాచుకోండి, ఏజెంట్‌కి ఫోన్‌లో చెప్పాం కదా అంటే కుదరదు.

ఆ పీడీఎఫ్ ఎందుకో ఎప్పుడూ శుక్రవారం సాయంత్రమే వస్తుంది. రెండు కాపీలు ప్రింట్ తీసి ఒకటి మీరు, ఒకటి మీ ఆవిడో ఆయనో విడివిడిగా చదివి, అనుమానం వచ్చిన చోట గీత పెట్టుకుని ఆదివారం రాత్రి ఎదురెదురుగా కూర్చోండి. ఇద్దరి గీతలూ ఒకే పేజీలో కలిస్తే సోమవారం ఆఫీసు టైముకి మేనేజ్‌మెంట్ కంపెనీకి ఫోన్ చేసి ఆ పేజీ గురించే అడగండి. ఆ వీకెండ్ మాత్రం ఎవరింటి పుట్టినరోజుకీ వస్తామని ఒప్పుకోకండి.